ఆల్చిప్ప పిల్లలు తిండి మానిన ఏడాది

నాకు సంతకం చేయడం వచ్చు, అంకెలు వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి అక్షరం రాదు. నర్సరావుపేటలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో ఇరవై రెండేళ్ళు అటెండరుగా చేసి, పోయిన వేసవిలో దిగిపోయాను. నా చోట్లో చేరిన మౌనిక ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి వచ్చింది. "అత్తా, ఆ పని అసలు ఎట్టా చెయ్యాలో చెప్పు, రాసుకుంటా" అంది. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. నా మాటలు పుస్తకాల్లో ఉండేట్టు రాయమన్నాను. మిగతా మనుషులు అన్న మాటలు మాత్రం దిద్దవద్దన్నాను.

ఎప్పుడు పర్మినెంటు చేశారు, ఎప్పుడు ఏ కాగితం వచ్చింది, అవన్నీ ఆఫీసు బీరువాలో ఉంటాయి. నేను చెప్పేది అది కాదు. ఆ పని నాకు ఏం నేర్పింది, నేర్పినా నేను ఏం చేయలేకపోయాను, అదే చెబుతాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. దాని వల్ల నా మొగుడు పోయాడు. అది దాచిపెట్టి మిగతావి చెబితే ఈ కాగితాలు పొయ్యిలోకి కూడా పనికిరావు.

కడగడం

మా ల్యాబులో పని ఆల్చిప్ప పిల్లలు పాచిని ఎలా తింటాయో మైక్రోస్కోపులో చూడటం. సముద్రపు ఆల్చిప్పలు. మిరప, పత్తి తప్ప ఇంకోటి మాట్లాడని మా వైపు ఆ పని ఎందుకు వచ్చిందంటే, వసుంధర మేడం వచ్చారు గనక. ఆవిడది సముద్రం ఒడ్డు ఊరు. ఉద్యోగం ఇక్కడ వచ్చింది. సముద్రాన్ని వదిలి ఉండలేక క్యాన్లలో తెప్పించుకునేవారు. బాపట్ల వైపు నుంచి పొద్దున్నే మార్కెట్టుకు వచ్చే చేపల వ్యానులో నాలుగు క్యాన్ల ఉప్పునీళ్ళు, గోనెసంచిలో తడి ఆల్చిప్పలు వచ్చేవి. దించుకోవడానికి నేను వెళ్ళేదాన్ని.

"ఏమే రాహేలూ, మీ మేడం ఆ సముద్రం నీళ్ళు ఏం జేసుకుంటదే, పప్పులోకా?" అని చేపలమ్మే సుబ్బులు రోజూ అడిగేది.

"నీ చేపల కంపు కడగటానికే" అనేదాన్ని.

మొదటి మూడేళ్ళు నేను చేసింది కడగడమే. గాజు కుప్పెలు, గిన్నెలు, పలకలు, గొట్టాలు. ఇంట్లో గిన్నెలు కడిగినట్టు కడిగితే ఆ పని పాడవుతుంది. సబ్బు వాసన కూడా మిగలకూడదు. ఏడుసార్లు మంచినీళ్ళతో, ఆఖరిసారి మేడం ఇచ్చిన, ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళతో. ఒక కుప్పెలో సబ్బు చుక్క మిగిలి వేల పిల్లలు ఒక్క పూటలో చచ్చాయి. మేడం నన్ను తిట్టలేదు. ఆ నీళ్ళలోంచి చుక్క తీసి పలక మీద వేసి, "రా, చూడు" అన్నారు. అదే మొదటిసారి నేను మైక్రోస్కోపులో కన్ను పెట్టడం.

నాకు నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి, నల్లగా, ఈతాకుల్లా. అదే ఆల్చిప్ప పిల్ల అనుకున్నాను.

"కన్ను అద్దానికి ఆనించకు. కాస్త ఎడం పెట్టు. రెండో కన్ను మూయకు, తెరిచే ఉంచు" అన్నారు మేడం. అప్పుడు కనిపించింది. చచ్చినవి. పగిలిన గోరు ముక్కల్లా అడుగున పడి ఉన్నాయి. తరవాత ఇంకో కుప్పెలోంచి బతికినవి చూపించారు. చచ్చినవి ముందు చూపించి బతికినవి తరవాత చూపించడం మంచి పద్ధతి. ఆ రోజు నుంచి నా కుప్పెల్లో సబ్బు మిగల్లేదు.

నిండు, సగం, ఖాళీ

ఆల్చిప్ప పిల్ల ఎలా ఉంటుందో చెబుతాను. పుట్టిన మర్నాటికే దానికి రెండు చిప్పలు వస్తాయి, గాజులా పారదర్శకంగా. ఇసుక రేణువు కన్నా చిన్నది. ఆ చిప్పల మధ్య నుంచి ఒక గొడుగు లాంటిది బయటికి తీస్తుంది. దానికి మేడం వాళ్ళకు వేరే పేరు ఉంది, నేను గొడుగే అనేదాన్ని. గొడుగు అంచున సన్న వెంట్రుకలు. అవి ఒకదాని వెనక ఒకటి వంగుతూ లేస్తూ ఉంటాయి, గాలికి వరిచేను ఊగినట్టు. ఆ ఊపుకు నీళ్ళు సుడి తిరిగి, నీళ్ళలోని పాచి రేణువులు నోటి దగ్గరికి వస్తాయి. చిన్నవి లోపలికి పోతాయి. పెద్దవి తోసేస్తుంది. లోపలికి పోయిన పాచి పొట్టలో గిర్రున తిరుగుతుంది, తిరగలిలో గింజ తిరిగినట్టు. చిప్ప పారదర్శకం గనక అదంతా బయటికే కనిపిస్తుంది. తిన్నదాని పొట్ట బంగారు రంగు. తిననిదాని పొట్ట తెల్లగా, ఏమీ లేనట్టు.

మేడం దగ్గర గళ్ళు గీసిన గాజు పలక ఒకటి ఉండేది. అందులో నీళ్ళు వేసి, గడి గడికీ పోతూ పిల్లలను మూడు రకాలుగా లెక్కపెట్టాలి. నిండు, సగం, ఖాళీ. నాకు రాయడం రాదు గనక మేడం ఒక కాగితం మీద మూడు సున్నాలు గీసి ఇచ్చారు. ఒకటి పూర్తిగా నల్లగా, ఒకటి సగం, ఒకటి వట్టిది. వాటి కింద నేను గీతలు పెట్టేదాన్ని. చదువుకున్న పిల్లలు లెక్కపెట్టినదానికీ నా గీతలకూ తేడా వస్తే మేడం మూడోసారి తానే చూసేవారు. చాలాసార్లు నాదే నిలబడింది. నేను గొప్ప అని కాదు. ఫలానా నీళ్ళలో ఎక్కువ తినాలి అని పుస్తకంలో ఉన్న సంగతి వాళ్ళకు తెలుసు, నాకు తెలియదు. వాళ్ళ కంటికి సగం పొట్ట కూడా నిండుగా కనిపించేది. మౌనికా, నువ్వు డిగ్రీ చదివినదానివి, ఇది నీకోసమే చెబుతున్నాను.

మేడం ఇంకో మాట పదేపదే చెప్పేవారు. "ఒక గిన్నెలో చూసింది నమ్మకు రాహేలూ. పక్కన ఇంకో గిన్నె పెట్టి, ఒక్కటే తేడా ఉంచి, అప్పుడు చూడు." ఈ మాట నాకు పనికివచ్చినంతగా ఎవరికీ పనికివచ్చి ఉండదు. అందుకు నేనేమీ సంతోషించను.

పెద్దసారు

పై అధికారుల గురించి ఒక్క ముక్క. మాకు ఒక పెద్దసారు ఉండేవారు. పై నుంచి తనిఖీకి మనుషులు వస్తున్నారంటే ల్యాబుకు రంగు వేయించేవారు. ఒకసారి మైక్రోస్కోపు అద్దం మురికిగా ఉందని తన జేబురుమాలు తీసి గట్టిగా రుద్దారు. అద్దం మీద గీతలు పడ్డాయి. నేను "వద్దు సార్" అన్నాను. "నువ్వు నాకు చెప్తావా?" అన్నారు. తనిఖీకి వచ్చినాయన వంగి చూసి, "చాలా బాగుంది, చాలా బాగుంది" అని పోయాడు. మైక్రోస్కోపు కింద దీపం వెయ్యలేదు అప్పటికి. లోపల నల్లటి చీకటి.

"ఏందత్తా, నిజంగానా?" అంటోంది మౌనిక. నిజంగానే. చూడకుండా బాగుందనేవాళ్ళు ఈ పనిలో చాలామంది తగులుతారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవద్దు, అద్దం మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వవద్దు.

ఆకలి తెలిసినదాన్నని

మొదట చేసిన పెద్ద తప్పు ఇది. సెలవులకు మేడం ఊరికి వెళుతూ, రోజుకు ఎన్ని చుక్కల పాచి వేయాలో చెప్పి వెళ్ళారు. రెండో రోజు చూస్తే పిల్లల్లో సగానికి సగం ఖాళీ పొట్టలు. నాకు ప్రాణం ఉసూరుమంది. చిన్నప్పుడు మా అమ్మ కూలికి పోయి వచ్చేదాకా పొయ్యి వెలిగేది కాదు. ఆకలి అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. చెప్పినదానికి రెండింతలు వేశాను. మర్నాడు ఇంకా వేశాను. మూడో రోజుకు నీళ్ళు చిక్కబడి, వాసన వేసి, పిల్లలన్నీ అడుగుకు దిగిపోయాయి.

మేడం వచ్చి చూసి ఒక్కటే మాట అన్నారు. "నీ ఆకలి వాటికి తగిలించకు. అవి తినకపోతే ఎక్కువ వెయ్యకు. ఎందుకు తినడంలేదో చూడు."

ఆ మాట ల్యాబులో నేర్చుకున్నాను. ఇంటి గుమ్మం దాటి లోపలికి తీసుకుపోలేకపోయాను.

తలగుడ్డ

మా ఆయన పేరు ఇస్సాకు. కూలికి పురుగుమందు కొట్టేవాడు. వీపుకు పంపు కట్టుకుని మిరప చేలల్లో, పత్తి చేలల్లో. నకరికల్లు నుంచి గురజాల దాకా ఎవరు పిలిస్తే వాళ్ళ చేలకు పోయేవాడు. ఆయన చేతి పని మంచిదని, ఆకు కింద కూడా తడుపుతాడని పేరు. మొహానికి తువ్వాలు చుట్టుకునేవాడు, ముక్కు, నోరు మూసుకునేట్టు. అదే మాస్కు, అదే తలగుడ్డ.

మిరపకు నల్ల తామర పురుగు పట్టిన ఏడాది సంగతి ఇది. రైతులు వారానికి రెండుసార్లు కొట్టించారు. ఒక మందు పనిచేయకపోతే రెండు కలిపి, రెండు పనిచేయకపోతే మూడు కలిపి. ఆయనకు ఒక్క రోజు తీరిక లేదు. ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని లేచేవాడు. "నోరు చేదుగా ఉందే" అనేవాడు. నేను గోంగూర చేశాను. ఎండుచేపల పులుసు పెట్టాను. పచ్చిపులుసు చేశాను. తినని మనిషికి ఇంకో కూర వండాను.

ఆ రోజుల్లోనే ల్యాబులో సముద్రపు నీళ్ళు మొదట వడకట్టే జాలీ చిరిగింది. కొత్తది రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. నీళ్ళలో నలక, ఇసుక పోతే చాలు గదా, తరవాత ఎలాగూ సన్న వడపోత ఉంది అనుకుని, మా ఆయన పాత తువ్వాలు ఒకటి తీసుకుపోయాను. మెత్తబడిన నూలు గుడ్డ, వడకట్టడానికి బాగుంటుంది. ఊరికే తీసుకుపోలేదు. మూడుసార్లు ఉతికాను. సోడా వేసి ఉడకబెట్టాను. రెండు రోజులు ఎండలో ఆరేశాను. వాసన చూశాను. ఏమీ లేదు. నాలుగు మడతలు వేసి జల్లెడకు కట్టాను.

ఆ వారం నుంచి పిల్లలు తిండి మానేశాయి.

గొడుగు సగం తీసి మళ్ళీ లోపలికి లాగేసుకునేవి. వెంట్రుకలు వణికి ఆగిపోయేవి. చుట్టూ పాచి ఉంది, పొట్ట తెల్లగా ఉంది. నా కాగితంలో వట్టి సున్నా కిందే గీతలన్నీ. అయిదో రోజుకు చచ్చేవి. ఇలా మూడు పెంపకాలు పోయాయి. పరిశోధన చేసే అమ్మాయి ఒకతి ఉండేది, తన ఏడాది కష్టం పోతోందని బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. మేడం ఉప్పు చూశారు, వేడి చూశారు, పాచి మార్చారు. ఆఖరికి జల్లెడ దగ్గరికి వచ్చారు. ఒక గిన్నె గుడ్డలో వడకట్టి, ఒక గిన్నె వడకట్టకుండా పెట్టారు. వడకట్టని దాంట్లో మర్నాటికి బంగారు పొట్టలు.

"ఈ గుడ్డ ఎక్కడిది రాహేలూ?" అన్నారు.

"సంతలో కొన్న కొత్తది మేడం" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలుసు. మూడు పెంపకాలు, ఆ పిల్ల ఏడుపు, అంతా నా వల్లే అంటే నన్ను ఉంచుతారా? మేడం కాసేపు ఆలోచించి, "కొత్తదైతే గంజి ఉంటుంది. గంజే అయి ఉంటుంది" అని పుస్తకంలో రాసుకున్నారు. గుడ్డ పారేయమన్నారు. నేను పారేయలేదు. కొంగులో చుట్టుకున్నాను.

మూడు గిన్నెలు

నాకు నిద్ర పట్టలేదు. గంజి కాదని నాకు తెలుసు, అది కొత్త గుడ్డే కాదు. మరి సబ్బా? సోడానా? ఆ శనివారం మేడం వాళ్ళు మీటింగుకు పోయారు. నేను ఒక్కదాన్నే ఉండి మూడు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో వట్టి నీళ్ళు. ఒకదాంట్లో నా పాత చీర ముక్క, అదే సబ్బుతో, అదే సోడాతో ఉతికి ఉడకబెట్టినది. మూడోదాంట్లో ఆయన తువ్వాలులోంచి బొటనవేలి గోరంత ముక్క. అదే పాచి, అన్నే చుక్కలు. మధ్యాహ్నం అన్నం తినకుండా అక్కడే కూర్చున్నాను.

వట్టి నీళ్ళలో పిల్లలు గొడుగులు విప్పి తింటున్నాయి. చీర ముక్క ఉన్న నీళ్ళలో తింటున్నాయి. మూడో గిన్నెలో వెంట్రుకలు ఆగిపోయాయి. నేను గడి గడికీ పోయాను. నిండు కింద ఒక్క గీత లేదు. సగం కింద రెండు. మిగతా అంతా ఖాళీ.

గోరంత ముక్క. మూడుసార్లు ఉతికి, ఉడకబెట్టి, ఎండబెట్టిన తరవాత మిగిలింది అది. ఉతకని తువ్వాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన ముక్కు మీద, నోటి మీద ఉంటుంది. నోరు చేదుగా ఉందే అన్న మాట అప్పుడు తట్టింది నాకు. అక్కడే కూర్చుండిపోయాను.

చూస్తే మానేస్తా

ఇంటికి పోయి చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని బీడీ వెలిగిస్తున్నాడు.

"నువ్వు ఆ మందు పనికి పోమాక. నీ తువ్వాలు ముక్క యేస్తే మా పిల్లలన్నీ తిండి మానేసినయ్. నా కళ్ళతో చూశా."

"ఏందే, నీ పురుగులు జస్తే నేనూ జస్తానా? పురుగుమందుకు పురుగులు చావకపోతే ఇంక ఆ మందెందుకు?"

"అయ్యి పురుగులు గాదు. ఆల్చిప్ప పిల్లలు."

"ఏదైతే ఏంది. గుండుసూది మొనంత ఉంటయ్యని నువ్వే జెప్పావు. నేను డెబ్బై కిలోల మనిషిని."

"మరి అన్నం ఎందుకు తినటంలా?"

దానికి ఆయన నవ్వాడు. "నీ వంట రోజురోజుకీ అట్టా తగలడతంది" అన్నాడు. నాకు కోపం వచ్చి గిన్నె విసిరేశాను. అప్పుడు కాస్త తగ్గి, "సరే, ఒక పని జెయ్. నాకు జూపియ్. చూస్తే మానేస్తా. నీ మాట మీద మానను, నా కన్ను మీద మానేస్తా" అన్నాడు.

ఎగతాళిగా అన్నాడో నిజంగా అన్నాడో తెలియదు. కానీ ఇస్సాకు మాట ఇస్తే నిలబడే మనిషి. అలాగే ఒకసారి సారా మానేశాడు.

నేను చేయవలసిందల్లా ఆయన్ను ల్యాబుకు తీసుకుపోయి వంచి చూపించడం. అర్ధగంట పని. కానీ ఆయన్ను తీసుకుపోవాలంటే మేడంని అడగాలి. అడిగితే ఏం చూపిస్తావంటారు. చూపించాలంటే తువ్వాలు తీయాలి. తీస్తే సంతలో కొన్నానన్న అబద్ధం బయటపడుతుంది. నా దగ్గర ఉన్నది బటన్ ఫోను, వీడియో తీసి చూపించే దారి కూడా లేదు. రేపు అడుగుదాం అనుకున్నాను. మేడం కోపంగా ఉన్నారని ఎల్లుండికి పెట్టుకున్నాను. తరవాత పరీక్షలు వచ్చాయి. కాయ కోతకు వస్తే మందు కొట్టడం తగ్గుతుంది, అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఆయన కూడా రెండుసార్లు అడిగాడు. "ఏమే, చూపిస్తానన్నావ్, ఏందయ్యింది?" అని. "మేడం లేరు" అన్నాను. మేడం ఉన్నారు.

పద్దెనిమిది రోజులు గడిచాయి.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం నకరికల్లు దగ్గర మిరప చేలో పడిపోయాడు. గాలి ఎదురు తిరిగిందట. పంపు వీపు మీదే ఉందట. మా మరిది జోసెపు ఆ పక్క చేలోనే కొడుతున్నాడు. తనే ఎత్తుకుని ఆటోలో పేటకు తెచ్చాడు. నేను ల్యాబు నుంచి పరుగెత్తుకుని ఆసుపత్రికి పోయేసరికి నోట్లోంచి చొంగ కారుతోంది, ఒళ్ళంతా చెమట. డాక్టరు కనురెప్ప ఎత్తి టార్చి వేశాడు. నేనూ వంగి చూశాను. చిన్నవాటిని చూడటమే నా పని గదా. కంటిపాప ఆవగింజలో సగం ఉంది.

మూడో రోజు పొద్దున పోయాడు.

మేడం అన్న మాట

పదకొండు రోజుల తరవాత ల్యాబుకు పోయాను. మేడం లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. నేను విడిపించుకుని, కొంగులోంచి తువ్వాలు తీసి బల్ల మీద పెట్టాను. అంతా చెప్పాను. కొత్త గుడ్డ కాదని, మూడు గిన్నెలు పెట్టానని, ఆయన చూస్తానన్నాడని.

మేడం తువ్వాలు చేతిలోకి తీసుకుని చూశారు. తరవాత, "నువ్వు మూడు గిన్నెలు పెట్టావు. నేను రెండే పెట్టి గంజి అని రాసుకున్నాను" అన్నారు. "ఆ రోజే చెబితే నేనే మీ ఇంటికి వచ్చేదాన్ని రాహేలూ. ఆయన్ను నేనే కూర్చోబెట్టి చూపించేదాన్ని."

"ఉద్యోగం తీసేస్తారనుకున్నా మేడం."

"ఎందుకు తీసేస్తాను? తప్పు ఎవరు చెయ్యరు?"

"తియ్యరని మీరు ఎప్పుడూ చెప్పలా మేడం."

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు. నేను ఆవిణ్ని నిందించడానికి అనలేదు. ఉన్నమాట అన్నాను. నా తప్పు నాదే, దాంట్లో ఆవిడకు వాటా ఇవ్వను. కానీ మౌనిక రాసిన ఈ కాగితాలు చదివేవాళ్ళలో రేపు పెద్ద కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఉంటారు. మీ కింద పనిచేసే మనిషికి ఒక మాట ముందే చెప్పిపెట్టండి, తప్పు జరిగాక కాదు. చెప్పిన తప్పుకు పని పోదు అని. ఆ మాట చెప్పడం మేడం లాంటి మంచిమనిషికే తోచలేదు.

తరవాత మేడం గంజి అన్న మాట కొట్టేసి, తువ్వాలు పరీక్ష మళ్ళీ పద్ధతిగా చేశారు. లెక్క నన్నే పెట్టమన్నారు. "వద్దనిపిస్తే వద్దు" అన్నారు కూడా. నేనే కూర్చున్నాను. ఆయన చెమట పీల్చిన గుడ్డ, కత్తిరించి ముక్కలు చేసి, ముక్క ముక్కకూ ఒక గిన్నె. కంట్లో నీళ్ళు ఉంటే మైక్రోస్కోపులో ఏదీ కనపడదు. తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవాలి. నాలుగు రోజులు పట్టింది. మీరూ ఎప్పుడో ఒకప్పుడు మీకు అక్కరలేని లెక్క పెట్టవలసి వస్తుంది. గీత తప్పు పెట్టకండి.

జోసెపు

ఆయన పోయాక ఆయన పంపు కూడా మా మరిది జోసెపు తీసుకున్నాడు. ఆ పనే వద్దన్నాను. "ఇంకేం పని జెయ్యమంటావు వదినా" అన్నాడు. మరుసటి ఏడాది మిరపకు మళ్ళీ మందుల రోజులు మొదలవుతుంటే మేడంని అడిగాను. ఈసారి అడగడానికి ఒక్క నిమిషం పట్టింది. "రేపే తీసుకురా" అన్నారు.

జోసెపు గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. మొదట తనకూ కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. కన్ను ఎడం పెట్టమని చెప్పాను, రెండో కన్ను తెరిచి ఉంచమని చెప్పాను. తువ్వాలు ముక్క వెయ్యని నీళ్ళ పలక చూపించాను.

"అబ్బో, కదుల్తన్నయ్ వదినా. పొట్టలో ఏందో తిరుగుతంది."

"పాచి. అన్నం తింటన్నయ్."

పలక మార్చాను. అది తన తువ్వాలు ముక్క వేసిన నీళ్ళది, ముందు రోజు జోసెపు పెళ్ళాన్ని అడిగి తెచ్చాను. చాలాసేపు చూశాడు.

"ఇయ్యి పడుకున్నయ్యా?"

"లేదు."

"తినటంలా?"

"తినలేవు. ఆ ముక్క నీ తువ్వాలుది జోసెపూ. ఉతికిందే."

తల ఎత్తకుండానే ఉన్నాడు. మేడం కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నారు. అప్పుడు అడిగాడు.

"వదినా, ఇది అన్న చూశాడా?"

"లేదయ్యా" అన్నాను. "చూస్తానన్నాడు. నేనే చూపించలా."

జోసెపు కన్ను తుడుచుకుని మళ్ళీ అద్దం మీదికి వంగాడు.